ఎర్ర లైటు వెలగకుండా

ఆ సెమిస్టరులో నా ఆదివారాలు పోయాయి. వారమంతా యూనివర్సిటీలో రెగ్యులర్ పిల్లలకు చెప్పే ఇంగ్లీషునే ఆదివారం పొద్దున్నే వచ్చి దూరవిద్య వాళ్లకు కూడా చెప్పమన్నారు. పిలిచి అడిగినట్టే అడిగారు గానీ, కాంట్రాక్టు మీద జుట్టు నెరిసినవాణ్ణి, కుదరదనే మాట నా నోట ఎలా వస్తుంది? "సరే సార్" అని బయటికొచ్చి, చెట్ల కింద పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లల పక్కన సిమెంటు బెంచీ మీద కూలబడ్డాను. ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. లేచే ఓపికా లేదు.

నా దిగులు పని ఎక్కువైనందుకు కాదు. పని ఎప్పుడు తక్కువైంది గనక. ఆదివారం పొద్దున నేను ఉండవలసిన చోటు వేరే ఉంది.

తార్నాకలో ఒక సందు చివర మా చర్చి. వచ్చేవాళ్లలో చాలామంది మా వైపు వాళ్లే. గుంటూరు, ఒంగోలు, తెనాలి నుంచి ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే ఉండిపోయిన టీచర్లు, రైల్వే గుమస్తాలు, నర్సులు. ప్రసంగం చెప్పే పుల్పిట్‌కు ఎడమ పక్కన చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉంటుంది. చేతులుంటే గిటారుకు అడ్డమని అలాంటిది వెతికి తెచ్చారు. పెళ్లికి ముందు నుంచీ ఆ కుర్చీలో కూర్చునే వాయిస్తున్నాను. డిపార్టుమెంటులో నాకు సొంత బల్ల లేదు, తలుపు మీద పేరు లేదు. స్టాఫ్ ఫొటో తీసేటప్పుడు కూడా అందరూ సర్దుకుని నిలబడ్డాక "అరె, మీరు కూడా రండి" అంటారు. చర్చిలో అలా కాదు. నేను కుర్చీలో కూర్చుని తీగలు సరిచేసుకుంటే గానీ ఆరాధన మొదలవదు. ఇంత పెద్ద ఊళ్లో నాదంటూ ఉన్న చోటు అదొక్కటే అని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక మా పాస్టరుగారికి సంగతి చెప్పాను. ఆయన్ని మేమంతా అయ్యగారు అంటాం. నాకంటే చిన్నవారు, నెమ్మదస్తులు.

"అయ్యో, అలాగా. ఉద్యోగం కదండీ, తప్పదు," అన్నారు. "ఈ నాలుగైదు నెలలూ ఏదో ఒక ట్రాకు పెట్టుకుని పాడుకుందాం లెండి. ఫోనులో బోలెడున్నాయి."

ట్రాకు అంటే ముందే వాయించి రికార్డు చేసి పెట్టిన సంగీతం. మీట నొక్కితే వస్తుంది, జనం దాంతో కలిసి పాడుకోవాలి. చుట్టుపక్కల చర్చీల్లో అప్పటికే చాలాచోట్ల అదే నడుస్తోంది. కీబోర్డు, డ్రమ్ములు, ఎక్కడినుంచో వచ్చే వయొలిన్ల మోత. జనం ఒకసారి దానికి అలవాటు పడ్డారంటే నా చెక్కపెట్టె ఎవరిక్కావాలి?

"ఎక్కడివో ఎందుకండీ, నేనే వాయించి రికార్డు చేసిస్తాను," అన్నాను.

"అంతకంటే కావలసిందేముంది. మన సంఘానికి మీ చెయ్యి అలవాటు."

ఆ మాటతో కాస్త తెరిపిన పడ్డాను. నేను లేనన్నాళ్లూ నా గిటారే నా కుర్చీకి కాపలా ఉంటుందనుకున్నాను.

మా ఆవిడ రామంతాపూర్‌లో ఒక స్కూల్లో లెక్కల టీచరు. సాయంత్రం కాపీలు దిద్దుకుంటూ ఈ సంగతి విని పెన్ను కింద పెట్టింది.

"ఉన్న పనులకే ఊపిరాడట్లేదు, ఇప్పుడు ఈ రికార్డింగు గోల ఎందుకండీ? వాళ్లేదో పెట్టుకుని పాడుకుంటారు. సెమిస్టరు అయ్యాక మీరు వెళ్లి వాయించుకుంటారు."

"వెళ్లేసరికి కుర్చీ ఉండాలి కదా."

నా ముఖంలో ఏం కనిపించిందో, పెన్ను తీసుకుని మళ్లీ దిద్దుకోవడం మొదలుపెట్టింది.

రికార్డింగుకు కావలసిన సరంజామా మా డిపార్టుమెంటు పై అంతస్తులో దొరికింది. అక్కడ భాషాశాస్త్రం చెప్పే మేడమ్ ఒకావిడ ఊరూరా తిరిగి జనం మాట తీరు రికార్డు చేస్తుంటారు. నా గోడు విని ఒక మైకు, దాన్ని లాప్‌టాప్‌కు కలిపే చిన్న పెట్టె, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు ఇచ్చారు. క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ ఆ పెట్టె బల్ల మీద పెట్టి పాఠం చెప్పారు.

"సార్, ఈ గుండ్రటి బటన్ తిప్పితే మైకు ఎంత దూరం వినాల్నో అంత వింటది. పచ్చ లైటు మంచిది. నడుమ నడుమ పసుప్పచ్చ వస్తే పరేషాన్ అవ్వొద్దు. ఎర్రది మాత్రం ఒక్కసారి కూడా రావొద్దు. వచ్చిందంటే ఆ సౌండ్ పగిలినట్టే. మల్ల ఎవ్వరితోని బాగు కాదు."

"మరీ తక్కువైతే?"

"తక్కువైతే తర్వాత కొంచెం పెంచుకోవచ్చు. కానీ మరీ తక్కువైతే పెంచినప్పుడు ఇంట్ల ఉన్న సప్పుడు కూడా పెరుగుతది. అందుకే ముందుగాల పాటల అన్నిటికంటె గట్టిగ వాయించే ముక్క ఏదున్నదో అది వాయించి చూడండి. దానికి సెట్ చేసుకుంటే ఇంగ ఫికర్ లేదు."

వినడానికి ఎంత సులువుగా ఉంది. ఎర్ర లైటు రాకూడదన్న మాట మాత్రం నాకు కొత్తగా వినిపించింది. మా చర్చిలో మైకుల, స్పీకర్ల మిక్సర్ చూసుకునే అతనికి అంబర్‌పేట్‌లో ఎలక్ట్రికల్ షాపుంది. ఎర్ర లైట్లు టపటపా కొట్టుకుంటుంటే అతని ముఖం వెలిగిపోతుంది. "సౌండ్ మస్తుగొస్తున్నది అన్నా" అంటాడు. స్పీకర్లు బొంగురుపోయినా, వీధి చివరి దాకా వినిపిస్తే పాట బాగా జరిగిందని మా అందరి లెక్క. ఇన్నేళ్లూ నేనూ ఆ లెక్కలోనే ఉన్నాను.

రెండో శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. మాది రెండో అంతస్తులో ఫ్లాటు. పడగ్గదిలో బీరువా తలుపులు బార్లా తెరిచి, పరుపు గోడకు నిలబెట్టి, కిటికీలు మూశాం. ఫ్యాను ఆపేశాం. హాల్లో ఫ్రిజ్ గుర్రుమంటోందని దాని స్విచ్ కూడా తీసేశాం. మైకును గిటారు బెజ్జానికి ఎదురుగా పెడితే కుండలో మాట్లాడినట్టుంటుందని మేడమ్ చెప్పారు. అందుకని మెడ వచ్చి ఒంటికి కలిసేచోటికి, జానెడు మీద బెత్తెడు దూరంలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని వాయించడం నాకు అలవాటు లేదు, అది లేకపోతే ఆ చిన్న లైట్లు కనపడవు. అందుకని లైటు చూసే పని మా ఆవిడ తీసుకుంది. మంచం అంచున కూర్చుని పెట్టె వైపే చూస్తుంది. పసుప్పచ్చ దాటేట్టుంటే అరచెయ్యి కిందికి ఊపుతుంది, తగ్గించమని.

గట్టిగా వాయించే ముక్క అంటే చివరి పల్లవి. వాయించాను. పచ్చ లైటు. ఇంకొంచెం గట్టిగా వాయించాను, పసుప్పచ్చ అలా వచ్చి పోయింది. బాగానే ఉందని బటన్ అక్కడే ఉంచి పాట మొదలుపెట్టాను. మొదటి చరణం పచ్చ. రెండోది పచ్చే. మూడోదానికి మా ఆవిడ చెయ్యి ఊగడం మొదలైంది. చివరి పల్లవికి వచ్చేసరికి చెయ్యి ఊపడం మానేసి "ఎర్రదండీ, ఎర్రదే వెలుగుతోంది" అంది. హెడ్‌ఫోన్లలో విన్నాను. ఎవరో అప్పడాలు నములుతున్నట్టుంది.

బటన్ తగ్గించి మళ్లీ. మళ్లీ ఎర్రదే. ఇంకా తగ్గిస్తే చివరిది బాగానే వచ్చింది గానీ, మొదటి చరణం ఎక్కడో పక్కింట్లో వాయించినట్టుంది. దాన్ని పెంచి వింటే మౌలాలి వైపు పోయే గూడ్సు బండి, పై ఫ్లాటు వాళ్ల మిక్సీ, బాల్కనీలో పావురాలు, అన్నీ గిటారుతో పాటే పైకొచ్చాయి. చెమటకు మోచెయ్యి గిటారుకు అతుక్కుపోతోంది. పిచ్చెక్కినట్టయింది నాకు. ముందు వాయించి చూసినప్పుడు రాని ఎర్ర లైటు పాటలోకి వచ్చేసరికి ఎక్కణ్ణుంచి వస్తోంది?

పరుపుకు ఆనుకుని కూర్చుంటే అప్పుడు తట్టింది. మా పాట పెరిగే తీరు అది. చర్చిలో పాట ఎవరో పెద్దావిడ కూర్చున్నచోటే సన్నగా ఎత్తుకుంటుంది, తనకు కుదిరిన శ్రుతిలో. ఆ శ్రుతి నేను పట్టుకోవాలి. మొదటి చరణానికి సగం మంది చెప్పులు విడుస్తుంటారు, పిల్లల్ని సర్దుకుంటుంటారు. రెండో చరణానికి గొంతులు కలుస్తాయి. మూడోదానికి చప్పట్లు. వేగం పెరుగుతుంది. ఎవరూ పెంచమనరు, దానంతటదే పెరుగుతుంది. చివరి పల్లవికి అందరూ లేచి నిలబడతారు, అయ్యగారు కళ్లు మూసుకుంటారు, ఆయన కళ్లు తెరిచి చెయ్యి ఎత్తేదాకా పల్లవి తిరుగుతూనే ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి నా చెయ్యి నా మాట వినదు. అంతమంది గొంతులు తోస్తుంటే గానీ రాని చెయ్యి అది. గదిలో కూర్చోగానే చివరి పల్లవి గట్టిగా వాయించమంటే, భోంచెయ్యకముందే త్రేన్చమన్నట్టుంటుంది. అందుకే ముందు చూసుకున్న లెవెల్ ప్రతిసారీ అబద్ధమైంది.

మేడమ్‌కు ఫోన్ చేస్తే ఆమె నవ్వారు.

"అట్లయితే బటన్ కాదు సార్, మీ చెయ్యే సెట్ చేసుకోవాలె. చెవుల టక్ టక్ అనే సప్పుడు పెట్టుకోండి, దాని లెక్కనే వాయించండి. స్పీడ్ పెరగదు, సౌండ్ పెరగదు."

పల్లవి చివర ఎన్నిసార్లు తిప్పాలో అయ్యగారిని అడిగాను. "మీ ఇష్టమండీ. నాలుగు సార్లు వెయ్యండి, నిండుగా ఉంటుంది," అన్నారు.

ఆ తర్వాత శనివారాలన్నీ నా చేతిని నేను లొంగదీసుకోవడానికే సరిపోయాయి. చెవిలో టక్ టక్. ఎదురుగా మా ఆవిడ అరచెయ్యి. మూడో చరణం దగ్గర చెయ్యి పొంగబోతుంది, ఆమె ఊపుతుంది, నేను అణుచుకుంటాను. క్లాసులు చెప్పి చెప్పి గొంతు, ఇక్కడ వాయించి వాయించి వేళ్లు నొప్పెట్టేవి. ఒక్కోసారి పాట సగంలో ఉండగా ఆమె కూర్చున్నచోటే కునికేది. లేపడానికి మనసొప్పక, లైటు నేనే చూసుకోలేక, గిటారు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేవాణ్ణి. ఇద్దరం ఇంత అలిసిపోయి ఎవరికోసం చేస్తున్నామో అనిపించేది. మళ్లీ కుర్చీ గుర్తొచ్చేది.

చివరికి కుదిరింది. మొదటి చరణం నుంచి చివరి పల్లవి దాకా పచ్చ లైటే. పసుప్పచ్చ ఎక్కడో ఒక మెరుపు. లాప్‌టాప్‌లో పాట ఎత్తుపల్లాలు చూపించే గీతల బొమ్మ చూసి మేడమ్ మెచ్చుకున్నారు. "సాఫ్‌గ ఉన్నది సార్. నేనైనా ఇంతకంటె మంచిగ చెయ్యలేను," అన్నారు. ఆ సెమిస్టరులో ఆ భవనంలో నన్ను ఎవరైనా మెచ్చుకున్నది అదొక్కసారే.

ఆ సాయంత్రం మా ఆవిడకు వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా వింది.

"బాగుంది," అంది.

"మరి ముఖం అలా పెట్టావేం?"

"బాగుందండీ, శుభ్రంగా ఉంది. మీరు వాయించినట్టు లేదు, అంతే."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నెలరోజులు చెయ్యి ఊపి ఊపి ఇప్పుడా మాట? "ఎవరు వాయించినట్టుంది మరి?" అన్నాను. ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అదే పద్ధతిలో మిగతా పాటలు కూడా చేసిచ్చాను. ఆదివారాలు నేను క్యాంపస్‌లో, రాత్రంతా డ్యూటీ చేసి ఆవులిస్తూ కూర్చున్న ఉద్యోగస్తులకు వ్యాసాలు ఎలా రాయాలో చెబుతుంటే, అక్కడ చర్చిలో నా ట్రాకులు మోగాయి. మొదటి ఆదివారం మిక్సర్ అతను ఫోన్ చేశాడు.

"అన్నా, ఏం సౌండ్ అన్నా. ఎక్కడ పగుల్తలేదు. నేను ఊకె చేతులు కట్టుకొని నిలబడ్డ."

ఎంత సంతోషమైందో చెప్పలేను. నా చోటు నాకుంది అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడను అడిగితే, "బాగుందన్నారు అందరూ," అంది. నెల పోయాక ఒకరోజు, "ఈమధ్య ఎవరూ లేచి నిలబడట్లేదు. కూర్చునే పాడుతున్నారు," అంది. ఎండలు కదా, నీరసమేమో అన్నాను. అవునేమో అంది.

సెమిస్టరు అయిపోయింది. దూరవిద్య క్లాసులు ఆగాయి. ఆ ఆదివారం కోసం గిటారుకు కొత్త తీగలు వేసుకుని, అందరికంటే ముందే చర్చికి వెళ్లాను. నా కుర్చీ ఉండే చోట చిన్న బల్ల ఉంది. దానిమీద లాప్‌టాప్, పక్కన స్టాండు మీద కొత్త స్పీకరు. కుర్చీ కోసం చూశాను. వెనక వరసలో, ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం వేసినవాటిలో కలిసిపోయి ఉంది.

అయ్యగారు నన్ను చూసి రెండు చేతులూ పట్టుకున్నారు. "వందనాలండీ, వందనాలు. ఎన్నాళ్లయింది. చాలా కష్టపడ్డారు మా కోసం. ఇంక మీకు విశ్రాంతి. హాయిగా కూర్చుని ఆరాధించుకోండి. ట్రాకులు చక్కగా కుదిరిపోయాయి కదా. మీరు వాయించినా అవే, అవి మోగినా మీరే."

ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నారు. మిక్సర్ అతను కూడా వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు లైవ్‌ల ఉంటే నా చెయ్యి బటన్ మీదనే ఉండేది అన్నా, ఎప్పుడు ఎంత లేస్తవో తెల్వక. ఇప్పుడు ఆ టెన్షనే లేదు."

కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఎవరిమీద చూపించను? ఆ ట్రాకులు చేసింది నేను. ఎక్కడా లేవకుండా, ఎవరికీ ఇబ్బంది కలగకుండా చేసింది నేనే. గిటారు సంచీ తీసుకెళ్లి లోపల గదిలో గోడకు ఆనించి వచ్చి, మగవాళ్ల వైపు మధ్య వరసలో కూర్చున్నాను. ఏళ్ల తర్వాత మొదటిసారి ఆ బెంచీ మీద. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. నడవకు అవతల ఆడవాళ్ల వైపు మా ఆవిడ కూర్చుంది. లాప్‌టాప్ ఉన్న బల్లనూ, నన్నూ చూసింది.

పాట మొదలైంది. స్పీకరులోంచి నా గిటారు నిదానంగా, శుభ్రంగా వచ్చింది. నేనెప్పుడూ నన్ను ఇలా ఎదురుగా కూర్చుని వినలేదు. తప్పు లేదు, పగులు లేదు. మొదటి చరణం కూర్చునే పాడారు. రెండోది కూడా కూర్చునే.

మూడో చరణానికి మా ఆవిడ లేచి నిలబడింది. చర్చిలో తనకై తాను ముందు లేచే మనిషి కాదు. లేచి గొంతెత్తి పాడటం మొదలుపెట్టింది. వారమంతా పిల్లలమీద అరిచి అరిగిపోయిన గొంతు, అక్కడక్కడ జీరపోతోంది. ఆగలేదు. నా వైపు చూస్తూ పాడుతోంది. ఆమె పక్కావిడ లేచింది. వెనక నర్సులు లేచారు. చప్పట్లు మొదలయ్యాయి. మగవాళ్ల వైపు కూడా బెంచీలు కిర్రుమన్నాయి. చూస్తుండగానే చర్చి మొత్తం నిలబడింది. నేనొక్కణ్ణే లేవలేదు. వేగం ఎప్పట్లాగే దానంతటదే పెరిగింది. ఎన్ని నెలల నుంచి ఆపుకున్నారో, ఆ గొంతులకు పట్టపగ్గాలు లేవు.

ట్రాకు వెనకబడిపోయింది. అది దాని లెక్కనే నడుస్తోంది. మిక్సర్ అతను కంగారుగా సౌండ్ పెంచాడు. పెద్దదైంది, అంతే. దాన్ని దాటుకుని జనం పల్లవి మీద పల్లవి పాడేశారు. అయ్యగారు కళ్లు తెరిచి చెయ్యి ఎత్తారు. పాట ఆగింది.

గిటారు ఆగలేదు. దానికింకా పల్లవి మిగిలే ఉంది. అందరూ నిలబడి, రొప్పుతూ, ఏం చెయ్యాలో తెలియక వింటున్నారు. మిక్సర్ అతను లాప్‌టాప్ మీదికి వంగి ఎక్కడ నొక్కాలా అని వెతుక్కుంటున్నాడు. "ఆమేన్" అన్నారు అయ్యగారు. అయినా మోగుతోంది. ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. అయ్యగారు కూడా నా వైపే చూశారు, నేను ఆపగలనన్నట్టు.

గిటారు వాయించేవాడు పాట ఆపాలంటే అరచెయ్యి తీగల మీద ఆనిస్తాడు. నేను కుడి అరచెయ్యి తొడ మీద ఆనించి గట్టిగా అదిమిపట్టాను. నా గిటారు వాయిస్తూనే ఉంది.